1,250 డిగ్రీల గ్యాస్ బట్టీకి తేలికపాటి సిరామిక్ లైనింగు: ఏది ముందు, ఏది వెనక

మీరు అడిగినవి మూడు సంగతులు. కడియం నర్సరీలకు గ్లేజు (గాజులాంటి పూత) వేసిన స్టోన్‌వేర్ (ఎక్కువ వేడికి గట్టిగా కాల్చిన మట్టి) కుండీలు చేసి ఇవ్వడానికి, లోపల ఒక ఘనమీటరు చోటు ఉండే గ్యాస్ బట్టీ కట్టబోతున్నారు. వారానికి రెండుసార్లు 1,250 డిగ్రీల దాకా కాలుస్తారు. పాత బట్టీలో ఉన్న 9 అంగుళాల ఫైర్ బ్రిక్ గోడకు బదులు 1,260 డిగ్రీల సిరామిక్ ఫైబర్ బ్లాంకెట్ (వేడిని ఆపే దారాలతో చేసిన మెత్తటి చుట్ట) ఒక్కటే వేసుకుంటే చాలునని సరుకు అమ్మేవారు చెప్పారట. అది నిజమేనా అన్నది మొదటి ప్రశ్న. పక్క రైస్ మిల్లులో ఊరికే దొరికే ఊక బూడిదను గోడ వెనక నింపుకోవచ్చా అన్నది రెండోది. అంతరిక్ష నౌకలకు అంటించే తెల్లటి పలకల వంటివి మనకు దొరికితే ఈ తిప్పలన్నీ తప్పుతాయి కదా అన్నది మూడోది.

నాది ధవళేశ్వరం. ముప్పై ఏళ్లకు పైగా కొలిములకు, బట్టీలకు లైనింగు, అంటే వేడిని ఆపే లోపలి పొర, వేయించే పనిలోనే ఉన్నాను కనుక, నా చేతుల మీదుగా జరిగిన మేరకు, లెక్కతో సహా చెబుతాను. ఇక్కడ చెప్పే డిగ్రీలన్నీ సెల్సియస్‌లోనివే.

మొదటి ప్రశ్నకు సూటి సమాధానం: చాలదు. బ్లాంకెట్ చెడ్డ సరుకని కాదు, మీరు దాన్ని పెట్టబోతున్న చోటు దానిది కాదు. మంటకు ఎదురుగా కాక, ఇంకొక పొర వెనక పెడితే అదే బ్లాంకెట్ మీకు పదేళ్లు పని చేస్తుంది. ముందు పొర ఏది, వెనక పొర ఏది అన్నది తేల్చుకోవడానికి, అసలు తేలిక గోడ ఎందుకు కావాలో ముందుగా చూడాలి.

మీ పాత గోడనే లెక్కలోకి తీసుకుందాం. 230 మిల్లీమీటర్ల మందం గల దట్టమైన ఫైర్ బ్రిక్ గోడ చదరపు మీటరుకు దాదాపు 480 కిలోలు తూగుతుంది. కిలో ఇటుక ఒక డిగ్రీ వేడెక్కడానికి సుమారు ఒక కిలోజౌల్ కావాలి. పది గంటల కాల్పు ముగిసేసరికి లోపలి ముఖం 1,250 దగ్గర ఉంటుంది, బయటి ముఖం ఇంకా బాగా వెనకబడి ఉంటుంది కనుక, గోడ మందం మొత్తం మీద సగటున 500 డిగ్రీలు పెరిగిందనుకుంటే, చదరపు మీటరుకు 240 మెగాజౌళ్లు ఆ గోడ తాగేసినట్టు. మీ బట్టీకి నాలుగు పక్కలు, అడుగు, కప్పు కలిపి లోపలి వైశాల్యం 6 చదరపు మీటర్లు. అంటే 1,440 మెగాజౌళ్లు. కిలో ఎల్‌పీజీ ఇచ్చే వేడి సుమారు 46 మెగాజౌళ్లు కాబట్టి, గోడను వేడెక్కించడానికే 31 కిలోల గ్యాసు కావాలి. కాల్పులో పుట్టిన వేడిలో సగమైనా పొగగొట్టం గుండా పోతుంది కనుక నిజంగా కాలేది 60 కిలోల పైమాటే, అంటే 19 కిలోల కమర్షియల్ సిలిండర్లు మూడుకు పైగా. ఇందులో కుండీలకు చేరినది ఏమీ లేదు. మర్నాడు తలుపు తీసినప్పుడు ఆ వేడంతా గాలిలో కలిసిపోతుంది, మళ్లీ కాల్పు రోజున మొదటి నుంచీ కొనుక్కోవలసిందే.

చాలామంది ఇక్కడే పొరబడతారు. "ఎనిమిది గంటలు మండించినా బయటి రేకు పెద్దగా కాలడం లేదు, మా గోడ వేడిని బాగానే ఆపుతోంది" అంటారు. గోడ ఆపడం లేదు, తాగుతోంది. 9 అంగుళాల దట్టమైన ఇటుకలో వేడి ఈ ముఖం నుంచి ఆ ముఖానికి పూర్తిగా నిండాలంటే దాదాపు ఒక పగలు, ఒక రాత్రి పడుతుంది. బర్నరు ఆపేసి, భోజనం చేసి తిరిగి వచ్చాక రేకు మీద వేడి ఇంకా పెరుగుతూ ఉండడం మీరు గమనించే ఉంటారు. మధ్యాహ్నం పోసిన గ్యాసు వేడి రాత్రికి బయటికి వస్తోందన్న మాట. నెలల తరబడి ఆగకుండా నడిచే కొలిమికి గోడ బరువు పెద్ద లెక్కలోకి రాదు, ఒకసారి తాగిన తరువాత అది ఇక అడగదు. వారానికి రెండుసార్లు వెలిగించి ఆర్పే మీ బట్టీలో మాత్రం ఇంధనపు ఖర్చును తేల్చేది గోడ బరువే.

ఇక అసలు వస్తువు సంగతి. సిరామిక్ ఫైబర్ అంటే అల్యూమినా, సిలికాలను దాదాపు సగం సగంగా విద్యుత్ కొలిమిలో కరిగించి, సన్నటి ధారగా పడుతుండగా గాలితో ఊదిగాని, తిరిగే చక్రాల మీద చిమ్మిగాని తీసిన గాజు దారం. దారం మందం రెండు నుంచి నాలుగు మైక్రాన్లు ఉంటుంది. ఘనమీటరుకు 128 కిలోలు తూగే మామూలు బ్లాంకెట్‌లో గట్టి పదార్థం అయిదు శాతమే, తక్కిన 95 శాతం గాలి. మనకు వేడిని ఆపేది ఆ దారం కాదు, దారాల మధ్య కదలలేక చిక్కుకున్న గాలి. కుర్రవాళ్లకు పని నేర్పేటప్పుడు నేనొకటి చేసి చూపించేవాడిని: ఈ ఫైబరుతో చేసిన బోర్డు ముక్కను అరచేతిలో పట్టేంత కోసి, మఫిల్ కొలిమిలో 1,000 డిగ్రీలకు కాల్చి, పటకారుతో తీసి ఇటుక మీద పెడితే, ముక్క నడిబొడ్డు ఇంకా నారింజ రంగులో వెలుగుతుండగానే మూలలు, అంచులు చూస్తుండగా నల్లబడి తెల్లబడిపోతాయి. అంచున ఉన్న కొద్దిపాటి పదార్థంలో దాచుకున్న వేడి అంత తక్కువ, లోపలి వేడి అంచుకు వచ్చే వేగమూ అంత తక్కువ. ఒక దట్టమైన ఫైర్ బ్రిక్ ముక్కను అదే వేడికి కాల్చి పక్కన పెడితే, అది అరగంట తరువాత కూడా చేయి కాలుస్తుంది.

అయితే తేలిక పెరిగినకొద్దీ వేడి ఆగడమూ పెరుగుతుందనుకోవడం ఒక హద్దు వరకే సరి. వేడి మూడు దారుల్లో వెళుతుంది: దారం వెంబడి, గాలి గుండా, వెలుగులా ప్రసరించి. మొదటి రెండూ వేడితో నెమ్మదిగా పెరుగుతాయి. మూడోది కెల్విన్ లెక్కలో ఉష్ణోగ్రత నాలుగో ఘాతంతో పెరుగుతుంది. 625 డిగ్రీల ముఖం కన్నా 1,250 డిగ్రీల ముఖం ఎనిమిది రెట్లు ఎక్కువ ప్రసరిస్తుంది. మరీ పలచటి అల్లికలో ఆ ప్రసారానికి అడ్డం పడే దారాలు తక్కువ. అందుకే 300 డిగ్రీల దగ్గర 64 కిలోల బ్లాంకెట్టూ 128 కిలోల బ్లాంకెట్టూ ఇంచుమించు ఒకేలా పనిచేసినా, 1,000 డిగ్రీలు దాటాక 64 కిలోలది 128 కిలోల దాని కన్నా బాగా ఎక్కువ వేడిని వదిలేస్తుంది. ధర చూసి పలచటి చుట్ట కొనేవారికి ఈ సంగతి తెలియదు. మీరు కొనేది ఎక్కడ పెట్టినా 128 కిలోల సాంద్రతదే కొనండి. పిండినట్టు చేత్తో నొక్కి చూసి మెత్తగా ఉందని మెచ్చుకోకండి. మాస్కు, చేతి తొడుగు వేసుకుని ఒక అంచును తెల్ల కాగితం మీద దులపండి. దారం కాని గాజు పూసలు, వాటినే షాట్ అంటారు, ఇసుకలా ఎక్కువగా రాలితే ఆ చుట్ట వద్దు. పూసలకు బరువే గాని వేడిని ఆపే గుణం ఉండదు, తూకానికి మాత్రం అవీ సరిపోతాయి.

ఇప్పుడు సంచి మీది 1,260 అంకెకు వద్దాం. అది పని చేయించవలసిన వేడి కాదు, పరీక్ష వేడి. ఆ ఉష్ణోగ్రతలో 24 గంటలు ఉంచితే పొడవు 4 శాతానికి మించి కుంచించుకుపోదని మాత్రమే ఆ అంకె చెబుతుంది. 4 శాతమంటే మీటరుకు 4 సెంటీమీటర్లు. మీటరు గోడలో 4 సెంటీమీటర్ల సందు తెరుచుకుంటే మంట నేరుగా రేకును తాకుతుంది. అదీగాక ఈ దారం గాజు. గాజు ఎప్పటికైనా స్ఫటికంగా మారాలనే చూస్తుంది. 980 డిగ్రీల దగ్గర అది ముల్లైటుగా స్ఫటికీకరించడం మొదలవుతుంది, ఇంకా పైకి వెళితే మిగిలిన సిలికా క్రిస్టోబలైటుగా మారుతుంది. దాంతో దారం బిరుసెక్కి, సాగే గుణం పోయి, ముట్టుకుంటే విరిగిపోతుంది. కొన్నేళ్ల క్రితం రాజమహేంద్రవరం దగ్గర ఒక చిన్న కార్ఖానాలో ఇలాంటి బట్టీ విప్పాను. ఏడాదిన్నరే వాడినది. మంటవైపు రెండు వేళ్ల మందం మేర బ్లాంకెట్ ఎండిన అప్పడంలా పెళుసుగా ఉండి, వేలితో తాకితే పొడి రాలింది. దాని వెనక పొర కొన్న రోజున ఎలా ఉందో అలాగే మెత్తగా ఉంది. ఒకే చుట్టలోంచి కోసిన రెండు ముక్కలవి, తేడా అవి నిలబడిన చోటులో మాత్రమే. ఈ గ్రేడును రోజూ ఆడే మంటకు 1,100 నుంచి 1,150 డిగ్రీల లోపే నమ్మాలి. జిర్కోనియా 15 శాతం దాకా కలిపిన 1,425 గ్రేడు ఇంకొంచెం పైకి, 1,300 దాకా తట్టుకుంటుంది.

అలాగైతే ఆ జిర్కోనియా గ్రేడు బ్లాంకెట్‌నే ముందు పొరగా వేసుకోవచ్చు కదా అని మీరు అడగవచ్చు. వేసుకోవచ్చు, ఇంధనం దృష్టితో చూస్తే అంతకన్నా మంచిది లేదు: 200 మిల్లీమీటర్ల ఫైబరు గోడ చదరపు మీటరుకు 26 కిలోల లోపే, అది తాగే వేడి 20 మెగాజౌళ్లకు లోపే. అయినా గ్లేజు కుండీల బట్టీకి నేను దాన్ని సిఫారసు చేయను. మొదటి కారణం, వేడిలో బిరుసెక్కిన దారం బర్నరు గాలికి రాలి కుండీ మీద పడుతుంది. గ్లేజు కరిగి గాజవుతున్న సమయంలో పడిన ఆ నలుసు తెల్లటి మొటిమలా అక్కడే ఉండిపోతుంది. రెండో కారణం, గ్లేజుల నుంచి సోడా, పొటాష్, బోరాన్ ఆవిర్లు లేస్తాయి. దారానికి వైశాల్యం ఎక్కువ కనుక వాటి బారిన మొదట పడేది అదే. క్షారం సోకిన చోట దారం కరిగే వేడి పడిపోయి, ముఖం పెంకు కట్టి ఊడిపోతుంది. అజ్జరం ఇత్తడి కొలిముల్లోనూ ఇదే తంతు వేరే రూపంలో చూశాను. అక్కడి వేడి 1,000 డిగ్రీలకు లోపే అయినా, 907 డిగ్రీలకే మరిగే జింకు ఆవిరై, తెల్లటి భస్మంగా మారి ఫైబరు సందుల్లోకి చొరబడుతుంది. వేడి అంకె ఒక్కటే చూసి సరుకు ఎంచుకుంటే జరిగేది ఇదే.

కాబట్టి ముందు పొరకు ఇన్సులేషన్ ఇటుక కావాలి. దీన్ని మన దగ్గర హాట్ ఫేస్ ఇటుక అంటారు. 23, 26, 28, 30 అనే గ్రూపుల్లో దొరుకుతుంది. ఆ అంకెలు వందల ఫారెన్‌హీట్‌లలో ఉంటాయి: 23 అంటే 2,300 ఫారెన్‌హీట్, మన లెక్కలో 1,260, 26 అంటే దాదాపు 1,430, 28 అంటే 1,540, 30 అంటే 1,650. మట్టిలో రంపపు పొట్టు వంటి కాలిపోయే వస్తువు కలిపి ఇటుక పోసి కాలిస్తే, పొట్టు కాలి మిగిలిన ఖాళీలే ఇందులోని గాలి. మన ప్రాంతపు ఇటుకల బట్టీలవారు బంకమట్టిలో ఊక, బూడిద కలపడం వెనక ఉన్న సూత్రమే ఇదీ, కాకపోతే ఇక్కడ మట్టి శుద్ధమైనది, ఖాళీలు లెక్కగా పడినవి. మీకు 26 గ్రూపు సరిపోతుంది. "ఎందుకైనా మంచిది" అని 28 కొనవద్దు. గ్రూపు పెరిగినకొద్దీ ఇటుక బరువెక్కుతుంది, వేడిని వదిలేదీ పెరుగుతుంది, ధరా పెరుగుతుంది. మీ 1,250కి అది అక్కరలేదు. ఇనుము తక్కువగా ఉన్న ఇటుకేనా అని మాత్రం గట్టిగా అడగండి. రాగి ఎరుపు, సెలడాన్ (లేత ఆకుపచ్చ గ్లేజు) వంటి రంగుల కోసం గాలి తగ్గించి పొగతో కాల్చే ఆలోచన మీకు ఉంటే, ఇటుకలోని ఐరన్ ఆక్సైడ్ దగ్గర, 500 డిగ్రీల ప్రాంతంలో, కార్బన్ మోనాక్సైడు నుంచి మసి పేరుకుని ఇటుకను లోపలి నుంచి పగలగొడుతుంది. బయటికి ఏమీ కనిపించదు. ఒకనాడు ముక్క ఊడి వస్తుంది.

నేను కట్టించే గోడ ఇలా ఉంటుంది: మంటవైపు 115 మిల్లీమీటర్ల 26 గ్రూపు ఇటుక, దాని వెనక 25 మిల్లీమీటర్ల బ్లాంకెట్ నాలుగు వరసలు, ఒకదాని అతుకు మీదికి ఇంకొకదాని అతుకు రాకుండా, ఆ వెనక రేకు. వేసవిలో బయట 35 డిగ్రీలనుకుని లెక్క వేస్తే, లోపల 1,250 ఉన్నప్పుడు ఇటుకకూ బ్లాంకెట్‌కూ మధ్య 870 దాకా, బయటి రేకు మీద 110 నుంచి 115 దాకా వస్తుంది. ఆ 870 అంకెను చూడండి. మంటకు ఎదురుగా ఏడాదిన్నరలో పొడైపోయిన ఆ 1,260 బ్లాంకెట్టే ఇక్కడ గాజు స్థితి చెడకుండా కూర్చుంటుంది. గోడ బరువు చదరపు మీటరుకు 105 కిలోలు. పూర్తిగా వేడెక్కినా తాగేది 105 మెగాజౌళ్ల దగ్గరే. పాత గోడ తాగినదానిలో సగం కన్నా తక్కువ. కప్పుకు మాత్రం ఇటుకకు బదులు జిర్కోనియా గ్రేడు ఫైబరు మాడ్యూళ్లు (బ్లాంకెట్‌ను మడతలు పెట్టి చేసిన దిమ్మలు) వేలాడదీసి, దారం రాలకుండా మంటవైపు ముఖానికి కొల్లాయిడల్ సిలికా (నీటిలో కలిసి ఉన్న అతి సన్నటి సిలికా) పూత కొట్టించి గట్టిపరచమంటాను. మాడ్యూళ్లను నొక్కి బిగించి పెట్టాలి. వేడికి కుంచించుకున్నప్పుడు ఆ నొక్కుడే సందును మూస్తుంది. వాటిని పట్టుకునే స్టీలు కొక్కేలు వేడి ముఖానికి రాకుండా వెనక పొరలోనే ఆగిపోవాలి. 310 రకం స్టీలుకు కూడా 1,100 డిగ్రీలు హద్దు, 304 అయితే 850.

ఇటుకల మధ్య మోర్టారు ఒక మిల్లీమీటరు, మహా అయితే రెండు. మేస్త్రీ ఇంటి గోడ కట్టినట్టు దండిగా మోర్టారు పెడతానంటే ఒప్పుకోకండి. ఇటుకను పలచటి మోర్టారులో ముంచి, అతికించి, రుద్ది కూర్చోబెట్టాలి. మీటరుకు ఒకచోట ఫైబరు కుక్కిన వ్యాకోచపు సందు వదలాలి.

ఊక బూడిద సంగతి. ఇందులో మీ ఆలోచన తప్పు కాదు. వంద కిలోల ధాన్యం ఆడిస్తే ఇరవై కిలోల ఊక వస్తుంది, ఆ ఊక కాలిస్తే అందులో అయిదో వంతు బూడిద మిగులుతుంది, ఆ బూడిదలో 85 నుంచి 95 శాతం సిలికా. ఉక్కు కర్మాగారాల్లో కరిగిన ఉక్కు మీద వేడి పోకుండా చల్లేది ఇదే. మండపేట, రామచంద్రపురం, తాడేపల్లిగూడెం మిల్లుల చుట్టూ గుట్టలుగా పడి ఉన్న ఈ బూడిద నిజంగా మంచి ఉష్ణ నిరోధకం. అయినా దాన్ని గోడలో పొడిగా నింపవద్దని మూడు కారణాలతో చెబుతాను. నింపిన పొడి బట్టీ వేడెక్కి చల్లారే కదలికకు కిందికి దిగి కూర్చుంటుంది, పైన జానెడు ఖాళీ ఏర్పడుతుంది, అక్కడ రేకు కాలుతుంది. మిల్లు బాయిలర్ బూడిదలో కాలని బొగ్గు మిగిలి ఉంటుంది, వేడికి అది మెల్లగా కాలి పొడి ఇంకా తగ్గిపోతుంది. ఇక బూడిదలోని పొటాషియం ఇంతకుముందు చెప్పిన క్షారమే; వేడి ఇటుకకు ఆనుకుని ఉంటే వెనక నుంచి దాన్ని తినడం మొదలుపెడుతుంది. 600 డిగ్రీలు దాటని చోట, అంటే బట్టీ అడుగు ఇటుకల కింద, ట్రేలలో నొక్కి పోసిన పొరగా వాడుకోండి. అక్కడ అది దిగినా మళ్లీ పోసుకోవచ్చు. పోసేటప్పుడు మాస్కు తప్పనిసరి, బాగా మండి తెల్లబడిన బూడిదలో స్ఫటిక సిలికా ఉంటుంది.

అంతరిక్ష పలకల మాట. 1981లో మొదటిసారి ఎగిరిన అమెరికా స్పేస్ షటిల్ పొట్ట కింద ఉన్న పలకలు దాదాపు పూర్తిగా శుద్ధ సిలికా దారంతో చేసినవి. ఘనమీటరుకు 144 కిలోలు, అందులో 94 శాతం ఖాళీయే. మన ఇస్రో కూడా సిలికా పలకలు చేసుకుంది. 2007 జనవరి 10న పైకి వెళ్లి, 22న బంగాళాఖాతంలో దిగిన ఎస్‌ఆర్‌ఈ-1 గుళికను వాతావరణపు రాపిడి వేడి నుంచి కాపాడిన కవచంలో అవి ఉన్నాయి. కానీ ఆ పలకల పని తీరు వేరు. భూమికి తిరిగి వచ్చేటప్పుడు అవి పెనువేడిలో ఉండేది నిమిషాల లెక్కలో. తరువాత చల్లబడి, పరిశీలించి, అవసరమైతే మార్చి మళ్లీ పంపుతారు. మీ ఇటుక వారానికి రెండుసార్లు గంటల తరబడి 1,250 దగ్గర కూర్చోవాలి, గ్లేజు ఆవిరి పీల్చాలి, పనివాడి చేతి తట్టుకు పగలకూడదు. నిమిషాలు తట్టుకునేదాన్ని గంటలు తట్టుకోమనడం న్యాయం కాదు. ఇంకొక పోలిక కూడా ఉంది: ఆ పలకలు నీటిని పీల్చేస్తాయి కనుక వాటికి నీరంటని రసాయనం ఎక్కించేవారు. మన తడి నేలలో మీ బ్లాంకెట్‌కూ అదే జబ్బు, దాని గురించి కింద వివరంగా రాస్తాను.

1,500 దాటి 1,600, 1,700 కావాలన్నవారికి వేరే సరుకులున్నాయి. అల్యూమినా 72 నుంచి 97 శాతం దాకా ఉండే పాలీక్రిస్టలైన్ ఊలు 1,600 దాకా నిలుస్తుంది. అది గాజు కాదు, మొదటి నుంచీ స్ఫటికమే కనుక పైన చెప్పిన స్ఫటికీకరణ బాధ దానికి లేదు. అల్యూమినాను కరిగించి బుడగలుగా ఊది చేసిన బబుల్ ఇటుకలు 1,700 పైకి వెళతాయి. 2,000 దాటితే జిర్కోనియా దారం. దానిలో యిట్రియా కలపకపోతే 1,170 దగ్గర స్ఫటిక రూపం మారి, పరిమాణం 4, 5 శాతం తేడా వచ్చి, ఒక్క కాల్పుకే ముక్కలవుతుంది. ఇవన్నీ ప్రయోగశాలల, పంటి ల్యాబుల, ప్రత్యేక లోహాల కొలిములకు. మీకు వీటి అవసరం లేదు. ఎవరైనా అమ్మచూపితే డబ్బు మిగుల్చుకోండి. వాటికి పూర్తి విరుద్ధంగా, 1,000 డిగ్రీల లోపు వాడుకునే మైక్రోపోరస్ పలకల గురించి మాత్రం తెలుసుకుని ఉండడం మంచిది. గాలి అణువు ఇంకొక అణువును ఢీకొనే లోపు ప్రయాణించే దూరం దాదాపు 70 నానోమీటర్లు. ఈ పలకల్లోని రంధ్రాలు అంతకన్నా చిన్నవి కనుక లోపలి గాలి, నిలకడగా ఉన్న మామూలు గాలి కన్నా తక్కువ వేడిని మోస్తుంది. చోటు తక్కువగా ఉన్న తలుపు వెనక ఒక అంగుళం పలక మూడు అంగుళాల బ్లాంకెట్ పని చేస్తుంది. తడి తగిలిందా, రంధ్రాల అల్లిక కూలి పనికిరాకుండా పోతుంది.

ఇప్పుడు తడి. మన డెల్టాలో లైనింగులు చెడగొట్టే వస్తువు మంట కన్నా నీరే అని నా అనుభవం. నిలకడగా ఉన్న గాలి కన్నా నీరు ఇరవై రెట్లకు పైగా వేడిని దాటిస్తుంది. 25 మిల్లీమీటర్ల మామూలు చుట్ట, 7.3 మీటర్ల పొడవు, 61 సెంటీమీటర్ల వెడల్పు, పొడిగా ఉన్నప్పుడు 14 కిలోలు. పూర్తిగా తడిస్తే అది వంద లీటర్ల నీటిని పట్టుకోగలదు. నేను పని చేసిన ఒక చోట, ఆషాఢం ముసురులో, గోదాము చూరు కారి అట్టపెట్టెల్లోని బోర్డులు తడిసినా, బయటికి ఆరినట్టు కనిపిస్తున్నాయని వాటితోనే లైనింగు వేసి, ఆర్డరు తొందరలో మొదటి రోజే గంటకు 200 డిగ్రీల చొప్పున పెంచారు. 300 దగ్గర లోపలి ఆవిరికి దారి దొరకక, తలుపు వైపు బోర్డులు రెండు ఉబ్బి ఊడి పడ్డాయి. ఎవరికీ దెబ్బ తగలలేదు గాని, లైనింగంతా విప్పి మళ్లీ వేయవలసి వచ్చింది. అందుకే కాలువ గట్టున ఉన్న మీ షెడ్డు గురించి ఇవి చెబుతున్నాను. సరుకును నేల మీద పెట్టవద్దు, అడుగు ఎత్తు చెక్కల మీద, గోడకు దూరంగా పెట్టండి. మన పొలాల పక్కన రెండు మూడు మీటర్లు తవ్వితే నీరు ఊరుతుంది. బట్టీని నేల మీదే కడితే ఆ చెమ్మ ప్రతి రాత్రీ అడుగు ఇటుకల్లోకి ఎక్కుతుంది. కింద గాలి ఆడేలా ఐరన్ స్టాండు మీద నిలబెట్టండి. రేకుకు పక్కల కింది భాగాన ఆవిరి పోవడానికి పెన్సిలు లావు రంధ్రాలు కొట్టించండి.

మొదటి కాల్పు ఆరబెట్టడం కోసమే, కుండీలు పెట్టకుండా. గంటకు 30 డిగ్రీల చొప్పున 120కి తీసుకువెళ్లి, ఆ రంధ్రాల దగ్గర అద్దం పెడితే చెమ్మ పట్టడం ఆగేదాకా, ఎనిమిది గంటలైనా పన్నెండైనా అక్కడే నిలపండి. తరువాత 600 దాకా గంటకు 50. ఎక్కడైనా బోర్డులు వాడి ఉంటే, 200, 400 మధ్య వాటిలోని బైండరు (దారాలను పట్టి ఉంచే జిగురు) కాలి ఘాటైన పొగ వస్తుంది, కిటికీలు తెరిచి మీరు బయట ఉండండి. వానాకాలంలో పది రోజులు వాడకుండా ఉంచిన బట్టీకి ప్రతిసారీ 120 దగ్గర రెండు గంటల నిలుపుదల ఉండాలి.

మీ ఆరోగ్యం గురించి ఒక్క మాట, దీన్ని దాటవేయవద్దు. అల్యూమినో-సిలికేట్ ఫైబరును అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2బి వర్గంలో, అంటే క్యాన్సర్ కలిగించే అవకాశం ఉన్నవాటిలో పెట్టింది. బాగా కాలి క్రిస్టోబలైటు ఏర్పడిన పాత ఫైబరు అంతకన్నా ప్రమాదం. ఊపిరితో లోపలికి వెళ్లే స్ఫటిక సిలికా అదే సంస్థ లెక్కలో క్యాన్సర్ కారకమని నిర్ధారించిన మొదటి వర్గంలోది. ఎండ పడే గదిలో చుట్టను కత్తిరిస్తే వెలుగు గీతలో తేలుతూ కనిపించే మెరుపు నలుసులే ఇవి. కత్తిరించేటప్పుడు కనీసం ఎన్-95 మాస్కు, పూర్తి చేతుల చొక్కా వేసుకోండి. ఆ బట్టలను ఇంట్లోవారి బట్టలతో కలిపి ఉతకవద్దు. పాత లైనింగు విప్పేటప్పుడు నీళ్లు చల్లి తడిపి విప్పండి, సంచుల్లో కట్టి ప్రమాదకర వ్యర్థాలు తీసుకునేవారికే ఇవ్వండి, కాలువ గట్టు మీద పోయవద్దు. మీ గోడలో 870 దాటని వెనక పొరల కోసం, శరీరంలో కరిగిపోయే ఆల్కలైన్ ఎర్త్ సిలికేట్ ఊలు 1,200 గ్రేడులో దొరుకుతుంది. ధర కాస్త ఎక్కువైనా నా ఓటు దానికే, మీ షెడ్డులో రోజంతా ఉండేది మీరూ మీ వాళ్లూ కదా.

సరుకు రాగానే చేయవలసిన పరీక్ష ఒకటుంది. ప్రతి చుట్ట నుంచి సరిగ్గా 100 మిల్లీమీటర్ల ముక్క కోసి, ఒక అంచున కత్తితో గుర్తు చేసి, అది గోడలో నిలబడబోయే వేడికి, మీకైతే 900కి, తెలిసినవారి కొలిమిలో 24 గంటలు ఉంచి తీయండి. స్కేలు పెట్టి కొలిస్తే ఒక మిల్లీమీటరు లోపు తగ్గి, చేత్తో వంచితే విరగకుండా వంగాలి. రెండు మిల్లీమీటర్లు తగ్గిందంటే సంచి మీద ఏమి రాసి ఉన్నా ఆ చుట్ట వెనక్కి పంపండి.

బట్టీ లోపలి వేడిని కొలిచే థర్మోకపుల్ కె-రకానిదైతే 1,200 పైన కొద్ది నెలల్లోనే తప్పు చూపించడం మొదలుపెడుతుంది, అది తక్కువ చూపిస్తే మీరు తెలియకుండా 1,290కి తీసుకువెళతారు. ఎస్-రకం, అల్యూమినా గొట్టంలో పెట్టినది కొనండి. ప్రతి కాల్పులోనూ కుండీల మధ్య ఒక పైరోమెట్రిక్ కోన్ (తగిన వేడికి మెత్తబడి వంగే చిన్న శంకువు) పెట్టి రెంటినీ పోల్చుకోండి. లైనింగు పని ముసురు పూర్తిగా విడిచాక, కార్తీకంలో మొదలుపెట్టండి. గోడ రెండు వరసలు లేచాక అతుకుల ఫోటోలు పంపితే, బ్లాంకెట్ వరసలు రేకుతో మూసేయకముందే చూసి చెబుతాను.